పడుపువృత్తి చట్టాలు, పోలీసు సాక్ష్యం

పడుపువృత్తిని చట్టబద్ధం చేయాలన్న వాదం మన దేశానికి కొత్త కాదు. వలస ప్రభుత్వం ఆ ప్రయోగాన్ని ఒకసారి చేసి, ఇరవై ఏళ్లకు విరమించుకొన్నది. 1868 నాటి 14వ చట్టం అంటువ్యాధుల నివారణ పేరిట వేశ్యలు పోలీసు రిజిస్టరులో నమోదు కావాలనీ, నియమిత కాలాల్లో వైద్యపరీక్షకు హాజరు కావాలనీ శాసించింది. ఐరోపా సైనికుల, నావికుల ఆరోగ్యమే దాని అసలు లక్ష్యం; పరీక్ష మాత్రం స్త్రీలకే. కలకత్తాలో జనం 'చౌద్ద ఆయిన్' అని పిలిచిన ఈ చట్టానికి వెరచి పలువురు స్త్రీలు ఫ్రెంచి ఏలుబడిలోని చందర్‌నగరుకు తరలిపోయారు. ఎవరు వేశ్య, ఎవరు కాదు అన్న నిర్ణయం ఆచరణలో పోలీసు అనుమానంపై ఆధారపడింది. 1888లో చట్టం రద్దయింది.

స్వతంత్ర భారతం నిషేధమార్గాన్ని ఎంచుకొన్నది. 1950లో న్యూయార్కులో సంతకం చేసిన అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి 1956లో అనైతిక వ్యాపార నిరోధక చట్టం చేసింది. ఈ చట్టం వృత్తిని నేరమనలేదు. వేశ్యాగృహం నడపడం, ఒకరి పడుపు సంపాదనపై మరొకరు బ్రతకడం, బహిరంగ స్థలాల్లో విటులను పిలవడం నేరాలన్నది. ఈ భేదం చెప్పడం తేలిక, నిరూపించడం కష్టం. గదిలో కుదిరే బేరానికి ఫిర్యాదీ ఉండడు. అందుచేత పోలీసులు నకిలీ విటుణ్ణి ఆశ్రయించారు. నంబర్లు ముందే వ్రాసుకొన్న నోట్లతో అతణ్ణి లోపలికి పంపడం, సైగ అందగానే మధ్యవర్తులతో ప్రవేశించి ఆ నోట్లను స్వాధీనపరచుకోవడం పరిపాటి అయింది. సోదా వేళ స్థానికులైన పెద్దమనుషులు ఇద్దరు, వారిలో ఒక స్త్రీ, ఉండాలని 15వ సెక్షను నిర్దేశించింది. అటువంటి ఇంటి గడప త్రొక్కడానికి ఏ గృహిణి ముందుకు వస్తుందో శాసనకర్తలు ఆలోచించినట్లు లేదు.

ఈ పద్ధతిలో చేతికి చిక్కేది గదిలో ఉన్న స్త్రీ. ఇంటి యజమాని, తార్పుడుగాడు అక్కడ ఉండాలని లేదు. 1986 సవరణ సోదాకు ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలన్నది. కాని విటులను పిలిచిన నేరానికి మొదటిసారి స్త్రీకి ఆరు నెలల వరకు శిక్ష ఉండగా, అదే నేరం పురుషుడు చేస్తే మూడు నెలలకు మించకూడదన్నది!

1995లో కలకత్తాలోనే ఏర్పడిన దర్బార్ మహిళా సమన్వయ కమిటీ కోరేది మళ్లీ రిజిస్టరు కాదు. వృత్తిని నేరచట్టం పరిధినుండి తొలగించి, స్వయం నియంత్రణ మండళ్లకు అప్పగించమన్నది. లైసెన్సుకూ దీనికీ గల తేడాను చట్టబద్ధతపై చర్చించేవారు తరచు విస్మరిస్తారు. లైసెన్సు ఉన్నచోట లేనివారిని వెదకే పోలీసు మళ్లీ అవసరమవుతాడు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఈ వృత్తిలోని స్త్రీలను పోలీసులు గౌరవంగా చూడాలనీ, వారివద్ద ఉన్న కండోములను నేరానికి సాక్ష్యంగా పరిగణించరాదనీ ఆదేశించింది. ఎయిడ్స్ నివారణకై ప్రభుత్వమే పంచిపెట్టిన వస్తువు అది.