మన బడులు - 7: పేరు మార్చిన పంతుళ్లు



పోయిన వారం ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, జాతీయోద్యమం అంటే జెండాలు, జైళ్లే గదా, బడి పంతుళ్లకు దాంట్ల ఏం పని?" మంచి ప్రశ్న. జవాబు కోసం నేనుండే పురానాపూల్ నుంచి మూసీ వెంట కిందికి పోవాలె. 1578లో కట్టిన ఈ వంతెన మీద ఇప్పుడు కూరగాయలు అమ్ముతున్నరు. అక్కడి నుంచి నది పారే దిక్కుకే పోతే ఇసామియా బజార్ వస్తది. 1910లో మాల మాదిగ పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ బడి పెట్టింది అక్కడనే.

ముందు కొంచెం దూరం పోయి వద్దాం. గ్రీసులో థియోఫిలస్ కైరిస్ అని ఒక పంతులు ఉండె. 1784లో పుట్టిండు. ఐరోపాలో లెక్కలు, భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం చదువుకొని వచ్చి కిడోనియెస్ అనే ఊళ్లె (ఇప్పుడది టర్కీలోని ఐవాలిక్) పాఠాలు చెప్పిండు. 1817లో ఆ బడి పిల్లలు ఒక ఒప్పందం చేసుకున్నరు: ఇక నుంచి పాత గ్రీకు భాషే మాట్లాడాలె, పాత వీరుల, పండితుల పేర్లే పెట్టుకోవాలె. ఒట్టోమన్ సుల్తాను రాజ్యంలో పన్నులు కట్టే రైతుల, వ్యాపారుల పిల్లలు తాము ఎవరి వారసులమో పేరుతోనే చెప్పదల్చుకున్నరు. నాలుగేండ్లకు తిరుగుబాటు వచ్చింది. కైరిస్ తన సొంత దీవి ఆండ్రోస్‌లో జెండా ఎత్తిండు, యుద్ధంలో గాయపడ్డడు.

స్వతంత్రం వచ్చినంక ఆయన పదవి అడగలే. రాజు ఇస్తానన్న పతకం వద్దని, యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లలకు బడి పెట్టిండు. కానీ దేవుడి గురించి చర్చి చెప్పినట్టు కాకుండ తన బుద్ధికి తోచినట్టు మాట్లాడిండని మఠానికి పంపిరి, దేశం నుంచి ఎల్లగొట్టిరి, ఆఖరుకు జైల్లో పెట్టిరి. 1853 జనవరిలో సిరోస్ జైల్లనే చనిపోయిండు. కొద్ది రోజులకే పైకోర్టు శిక్ష కొట్టేసింది! తను నిలబెట్టిన దేశమే ఆయన్ని మింగింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

1888 మే 22న హైదరాబాద్‌లో మాదరి భాగయ్య పుట్టిండు, మాల ఇంట్ల. వాళ్ల గురువు భాగయ్యను భాగ్యరెడ్డి చేసిండు. రెడ్డి అంటే రేడు, పాలించినోడు. ఈ నేల మొదట మనదే గనుక ఆ పేరు మనకు తగుతది అన్నది గురువు వాదన. "వర్మ" 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. పేరులో రెండు అగ్రకుల గుర్తులు చూసి ఇప్పటి కుర్రోళ్లు నవ్వుతరు. నవ్వకుండ్రి. కిడోనియెస్ పిల్లలు చేసిందీ ఇదే గదా. తేడా ఏందంటే, వాళ్ల పేర్లను ఐరోపా మెచ్చుకుంది. మన పేరును పక్క వాడకట్టు ఎక్కిరించింది.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో వాడవాడ తిరిగిండు. 1911లో అది మన్య సంఘం అయింది. తాగుడు, బాల్యవివాహాలు, ఆడపిల్లల్ని దేవుడి పేరు మీద వదిలేసే ఆచారం, వీటి మీద గట్టిగ పనిచేసిండు. కానీ అసలు పని బడులే. నిజాం సర్కారు రాజభాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియాలో చదువూ ఉర్దూలోనే. ఆ కాలంలో ఈయన వాడల్లో తెలుగులో చదువు చెప్పించిండు. 1930ల నాటికి 26 బడులు, సుమారు 2,600 మంది పిల్లలు. ఆ తర్వాత వాటిని సర్కారు తన కిందికి తీసుకుంది. పలక పట్టుకున్నందుకే తన్నులు తిన్న కులాల నుంచి ఇంతమంది పిల్లలంటే మామూలు మాట కాదు.

1917 నవంబర్‌లో బెజవాడలో సభ. పేరు "ఆంధ్రదేశ పంచమ మహాసభ". అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. లేచి మొదలు ఆ పేరునే పట్టుకున్నడు: పంచమ అనే మాట మీ శాస్త్రాల్లో ఏడుంది? మేము ఈ నేల మొదటి మనుషులం. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభ అయింది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసి పెట్టిరి, వీళ్లు గుళ్లెకు వస్తరేమోనని. ఐదేండ్లకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర పేరును ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందువులని రాసుకుంది. రిజిస్టర్ల పేరు మారితే ఏమొస్తది అనెటోళ్లు, మాస్టర్ హాజరు పట్టీల మీ కులం తిట్టులా చదివితే ఎట్లుంటదో ఒకసారి అనుకోండ్రి.

నాకు అన్నిటికంటె ముల్లులెక్క గుచ్చేది జోగిపేట. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడితే మరాఠీ వాళ్లు గేలి చేసిరి. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో మహాసభ మొదటి సమావేశం, అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. భాగ్యరెడ్డి వర్మ మాట్లాడబోతే అభ్యంతరం చెప్పిరి సనాతనులు. తొమ్మిదేండ్ల కింద భాష పేరు మీద అవమానం పడ్డోళ్లే గదా! మరాఠీ వాడు నవ్వితే జాతికి అవమానం, మాలోడు వేదిక ఎక్కితే సభకు మైల. ఆ సభలో ఉన్నోళ్లలో మాల మాదిగ పిల్లలకు తెలుగు అక్షరం నేర్పిన మనిషి ఎవరో చెప్పండ్రి.

"ఆది హిందూ" అన్న పేరుతో నాకు పేచీ ఉంది. హిందూ అంటే మతం కాదు, ఈ దేశవాసి అన్నది ఆయన అర్థం. 1913 నుంచే బుద్ధ జయంతి చేసిన మనిషి ఆయన, అయినా ఆ మాటను వదులుకోలే. పంజాబులో మంగూరాం ఆది ధర్మ్ అని వేరే దారి పట్టిండు. అయితే అదే 1930లో లక్నో ఆది హిందూ సభకు అధ్యక్షుడై, రౌండ్ టేబుల్‌లో మన తరఫున మాట్లాడేది బాబాసాహెబ్ అంబేడ్కరే అని భాగ్యరెడ్డి వర్మ నిలబడ్డడు. పేరు మీద పేచీ పెట్టుకునేటోళ్లు దీన్నీ లెక్కల వేయాలె.

1939 ఫిబ్రవరి 18న పోయిండు, 50 ఏండ్లకు. చాదర్‌ఘాట్‌లో ఆయన కట్టించిన ఆది హిందూ భవన్ ఉంది. కోఠి వైపు పోయినప్పుడు ఆగి చూడండ్రి.