డాలరు నుంచి చిరునామా దాకా

సరుకు ఎగుమతికి రేవు ఉంది, కస్టమ్స్ కాగితం ఉంది. ఎగుమతి అమ్మకంపై రాష్ట్రాలు పన్ను వేయకుండా రాజ్యాంగం 286వ అధికరణం అడ్డుకుంటుంది. సేవకు రేవేదీ? హైదరాబాదులో కూర్చుని అమెరికా కంపెనీకి చేసిన పని ఎక్కడ సరిహద్దు దాటినట్టు? మన సేవా పన్ను చట్టం ఈ ప్రశ్నకు పదేపదే జవాబు మార్చింది.

1994 జూలై 1న టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్ల సేవలపై 5 శాతంతో పన్ను మొదలైంది. 1999 ఏప్రిల్ నోటిఫికేషన్ తేలికైన గుర్తు పెట్టింది: సొమ్ము విదేశీ మారకద్రవ్యంలో వస్తే పన్ను లేదు. 2003 మార్చిలో దాన్ని రద్దు చేశారు. వినియోగం జరిగే దేశంలోనే పన్ను కాబట్టి ఎగుమతికి వర్తించదని ఏప్రిల్లో ఒక సర్క్యులర్ వచ్చింది. సర్క్యులర్ని నమ్ముకుని వ్యాపారం చేయడం ఎంత బెదురో చేసినవారికే తెలుసు. నవంబరులో మినహాయింపు మళ్లీ వచ్చింది.

2005 ఎగుమతి నిబంధనలు సేవలను మూడు రకాలుగా విడదీశాయి. కొన్నింటికి స్థిరాస్తి ఉన్న చోటు, కొన్నింటికి పని జరిగిన చోటు, మిగతావాటికి గ్రహీత ఉన్న చోటు కొలబద్ద. పైగా సేవను విదేశంలో వాడాలన్న షరతు. విదేశీ కంపెనీకి ఇక్కడ ఆర్డర్లు తెచ్చిపెట్టే ఏజెంటు సేవ ఎక్కడ వాడినట్టు? ఈ చిక్కుముడి చాలా కేసులకు దారితీసింది. 2010లో ఆ షరతు తీసేశారు.

2012లో సేవ అందిన స్థలాన్ని నిర్ణయించే కొత్త నిబంధనలొచ్చాయి. గ్రహీత చిరునామాయే సాధారణ సూత్రమైంది. మధ్యవర్తికి మాత్రం అతను ఉన్న చోటే లెక్క. 2014లో సరుకుల ఏజెంట్లనూ ఇందులో చేర్చారు. తిరిగి తిరిగి దెబ్బ తగిలింది ఏజెంటుకే.

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ ఎగుమతిని సున్నా రేటు కింద పెట్టింది. అమ్మకంపై పన్ను ఉండదు, కొనుగోళ్లపై కట్టినది వాపసు వస్తుంది. చిన్న సంస్థలకు ఈ వాపసు మినహాయింపు కంటే విలువైనది. మధ్యవర్తి నియమం మాత్రం ఐజీఎస్టీ చట్టం 13(8)(బి)గా కొనసాగింది. విదేశం నుంచి వచ్చే కమీషన్ మీద ఇక్కడే పన్ను. గుజరాత్, బొంబాయి హైకోర్టుల దాకా వెళ్లినా నియమం నిలబడింది. చివరికి 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిలే ఆ క్లాజును తొలగించాలని సిఫారసు చేసింది.