కంచు పంది సంతానం

ఫ్లోరెన్స్‌లో మెర్కాతో నువోవో మండపం కింద నిలబడ్డారు మీరు. చుట్టూ తోలు సంచుల దుకాణాలు, కొత్త తోలు వాసన. జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్తే ఎదురుగా కంచు అడవిపంది. వెనక కాళ్ల మీద చతికిలబడి, ముందు కాళ్లు ఊని, మోర ఎత్తి చూస్తోంది. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా పోర్చెల్లీనో అంటారు. ఒళ్లంతా ముదురు రంగు, మెడ మీద పాయలు పాయలుగా జూలు. మూతి మాత్రం పసిడిలా మెరుస్తోంది, తరతరాలుగా నిమిరిన చేతుల మహిమ అది. దవడ మీంచి నీళ్లు జారుతున్నాయి. ఆ నోట్లో నాణెం పెట్టి వదలండి. నీళ్లతో పాటు జారి కింది జాలీలో పడితే అదృష్టమట. రైలు గోదావరి వంతెన ఎక్కగానే కిటికీలోంచి రూపాయి విసిరే చెయ్యి మీది, ఇక్కడా ఊరుకోదు. వంగి చూస్తే పంది కాళ్ల చుట్టూ కప్ప, పాము, తాబేలు.

మీరు ఇప్పుడు చూస్తున్నది 1998లో పోసిన నకలు. పదిహేడో శతాబ్దంలో మెదిచీ ప్రభువుల కోసం పియెత్రో తాక్కా పోసిన పందిని చూడాలంటే ఆర్నో నది దాటి బార్దీని మ్యూజియంకి వెళ్లాలి. తాక్కాకి మాతృక ఉఫీజీ మ్యూజియంలోని పాలరాతి పంది. దాన్ని 1560లో పోప్ నాలుగో పియస్ కొసిమో మెదిచీకి కానుకగా ఇచ్చాడు. ఆ పాలరాతి పందీ అంతకు ముందరి గ్రీకు విగ్రహానికి నకలేనని పండితుల మాట. ఆ గ్రీకు విగ్రహం ఇప్పుడు లేదు.

ఫ్లోరెన్స్ పందికి నకళ్లు దేశాలు దాటాయి. ఇంగ్లండ్‌లోని డార్బీ పార్కులో ఒకప్పుడు మట్టి నకలుండేది. 1941లో బాంబు దెబ్బకి అది పాడైంది. ఊరు మరిచిపోలేదు, 2005లో కంచుతో మళ్లీ నిలబెట్టుకుంది.

ఇప్పుడు సిడ్నీ, మెక్వారీ వీధి. ఆసుపత్రి ముందు అదే మోర, అదే మెరిసే మూతి. 1968లో క్లారిస్సా తొరిజానీ ఇచ్చిన కానుక ఇది. ఆమె తండ్రి థామస్ ఫియాస్కీ ఫ్లోరెన్స్‌లో పుట్టి, ఈ ఆసుపత్రిలోనే సర్జన్‌గా పనిచేశాడు. ఆమె సోదరుడు పియెరో కూడా ఇక్కడి సర్జనే. వాళ్లిద్దరి జ్ఞాపకార్థం తండ్రి పుట్టినూరి పందిని ఇక్కడికి తెప్పించింది. ఇక్కడ పడే చిల్లర ఆసుపత్రికే చెందుతుంది.

నకలని చిన్నచూపు చూడకండి. గ్రీకు విగ్రహం పోయినా ఈ పంది రూపం బతికుందంటే, ప్రతి తరంలో ఎవరో ఒకరు దాన్ని మళ్లీ కావాలనుకోబట్టే.