అడవి లెక్క ఎవరి చేతిలో? ఉత్తర తెలంగాణ ఆదివాసులు, వన్యప్రాణి సంరక్షణ

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరువాత మీరు:
1. ఉత్తర తెలంగాణలో ఆదివాసుల అటవీ హక్కులు ఎలా కుంచించుకుపోయాయో, చట్టంలో ఎలా తిరిగి చోటు పొందాయో వివరించగలుగుతారు.
2. వన్యప్రాణుల పర్యవేక్షణలో వారి పాత్రను అంచనా వేయగలుగుతారు.

పరిచయం

మీలో పెద్దపల్లి, మంథని, గోదావరిఖని ప్రాంతాల వారికి శివ్వారం అభయారణ్యం పేరు కొత్త కాదు. మంథని సమీపంలో గోదావరిని ఆనుకొని సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఈ అడవి మొసళ్లకు ఆవాసం. మొసలి ఏ మడుగులో ఉందో, ఎప్పుడు ఒడ్డుకు వస్తుందో ముందుగా తెలిసేది నదిలో వల వేసే మనిషికే. ఆ సంగతి అధికారుల రికార్డుల్లోకి తరువాత ఎక్కుతుంది. అడవిని, నీటిని దగ్గరగా ఎరిగినవారికి వాటి నిర్వహణలో ఎంత చోటు దక్కింది? ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం.

చారిత్రక నేపథ్యం

నిజాం పాలనలో ఆదిలాబాద్ అడవులను క్రమంగా రిజర్వు అడవులుగా ప్రకటించారు. గోండులు, కోలాములు తరతరాలుగా సాగుచేసుకున్న భూమి ప్రభుత్వ రికార్డుల్లో ఆక్రమణగా మారింది. పశువుల మేతకు, కలపకు పన్నులు, జరిమానాలు వచ్చిపడ్డాయి. కుమురం భీం నాయకత్వాన సాగిన పోరాటానికి ఇదే మూలం. 1940లో జోడేఘాట్ వద్ద ఆయన నేలకొరిగిన తరువాత, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఈ ప్రాంతాన్ని అధ్యయనం చేశారు. ఆయన సూచనలతో వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. అయితే భూమి దక్కినవారికి కూడా అడవి నిర్వహణలో భాగం దక్కలేదన్నది గమనించండి.

చట్టాలలో మార్పు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులకు రక్షణ కల్పించింది. అడవిలో నివసించేవారి రాకపోకలపై ఆంక్షలూ తెచ్చింది. ప్రజల భాగస్వామ్యం అవసరమని 1988 జాతీయ అటవీ విధానం గుర్తించింది. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. బోడి గుట్టలపై మొక్కలు పెరిగాయి, గ్రామస్థులకు కూలి దొరికింది. కాని నిధులపై, ప్రణాళికపై పట్టు ప్రధానంగా అటవీశాఖదే. కొన్నిచోట్ల పోడు భూముల్లోనే మొక్కలు నాటడంతో ఘర్షణలు తలెత్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ క్రమంలో కీలకమైన మలుపు. సాగుభూమిపై హక్కుతోపాటు నీటి వనరుల్లోని చేపలపై సామూహిక హక్కును, అడవిని పునరుద్ధరించి కాపాడుకునే హక్కును అది గుర్తించింది. వన్యప్రాణులను రక్షించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఆచరణలో వ్యక్తిగత పట్టాల మీద జరిగినంత చర్చ సామూహిక హక్కుల మీద జరగలేదు.

క్షేత్రస్థాయి ఉదాహరణలు

(అ) పాలరాపు గుట్ట: బెజ్జూరు అటవీ ప్రాంతంలో పెద్దవాగు ఒడ్డున ఉన్న ఈ నిటారు గుట్టపై పొడవు ముక్కు రాబందులు గూళ్లు కట్టిన సంగతి 2013లో వెలుగుచూసింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల కడుపులో చేరి, మూత్రపిండాలను దెబ్బతీసి దేశమంతటా వాటిని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. అందుకే ప్రతి గూడూ లెక్కలోకి వస్తుంది. ఆ గూళ్లను గమనించే పనిలో స్థానిక గ్రామాల యువకులను నియమించారు.

(ఆ) కవ్వాల్: 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవికి మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు వస్తాయి. అడుగుజాడలు, పెంట, చెట్లపై గోళ్ల గీతలు గుర్తించే ట్రాకర్లలో ఆదివాసులున్నారు. అదే అభయారణ్యం కోర్ ప్రాంతంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను 2024లో బయటికి తరలించారు. 2025 మే నెలాఖరున ఆసిఫాబాద్ అడవులను కుమురం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించగా, ఆదివాసుల నిరసనలతో ఆ ఉత్తర్వును జులైలో నిలిపివేశారు.

ఒక పోలిక

అమెరికాలోని క్లామత్ నదిపై నాలుగు ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తయింది. యురోక్, కరుక్ వంటి తెగల దశాబ్దాల పోరాట ఫలితమిది. ఆ శరదృతువులోనే సాల్మన్ చేపలు ఎగువకు చేరాయి. యురోక్ తెగకు సొంత మత్స్యశాఖ ఉంది. చేపల లెక్క వారి దగ్గరే ఉంటుంది. మన దగ్గర పులి జాడ కనిపెట్టే యువకుడి జ్ఞానం ఉపయోగపడుతోంది, నిర్ణయం మాత్రం మరొకచోట జరుగుతోంది. రెండింటికీ గల తేడా ఇదే.

సారాంశం

ఆదివాసి ఒకప్పుడు అడవిలో ఆక్రమణదారు, తరువాత కూలీ, ఇప్పుడు ట్రాకర్. నిర్వాహకుడిగా చట్టం గుర్తించినా ఆ స్థానం ఇంకా పూర్తిగా దక్కలేదు. జోడేఘాట్‌లో లేచిన ప్రశ్న రూపం మార్చుకొని నేటికీ మన ముందుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వన సంరక్షణ సమితులకు, 2006 చట్టం గ్రామసభకిచ్చిన అధికారానికి గల తేడాను వివరించండి.
2. పాలరాపు గుట్ట ఉదాహరణలో స్థానికుల పాత్రను చర్చించండి.
3. మీ ఊరి చెరువులోనో, వాగులోనో చిన్ననాటి నుంచి చేపలు పట్టిన పెద్దమనిషిని కలవండి. అప్పుడు దొరికి ఇప్పుడు కనిపించని చేపల పేర్లు ఆయన చెప్పినట్లే రాసుకోండి. అది కూడా చరిత్రకు ఆధారమే.