ఓరెం స్వీయ సంరక్షణ సిద్ధాంతం

ఓరెం స్వీయ సంరక్షణ సిద్ధాంతం నర్సింగు శాస్త్రంలో విస్తృతంగా బోధింపబడుతున్న సిద్ధాంతాలలో ఒకటి. దీనిని అమెరికాకు చెందిన నర్సు, నర్సింగు విద్యావేత్త డొరోతియా ఎలిజబెత్ ఓరెం (1914 - 2007) రూపొందించింది. మనిషి తన ప్రాణాన్ని, ఆరోగ్యాన్ని, క్షేమాన్ని నిలుపుకొనడానికి తనంతట తాను నిత్యం చేసుకొనే పనుల సముదాయమే స్వీయ సంరక్షణ. జబ్బు వలన గాని, గాయం వలన గాని, తెలియకపోవడం వలన గాని ఈ పనులు చేసుకొనే శక్తి అవసరానికి చాలనప్పుడు ఒక వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితిని పూరించడమే నర్సు పని అని ఈ సిద్ధాంతం చెబుతుంది. రోగికి వచ్చిన జబ్బు ఏమిటన్నది ప్రధానంగా వైద్యుని ప్రశ్న. ఆ జబ్బుతో రోగి తన పనులలో వేటిని చేసుకొనగలడు, వేటిని చేసుకొనలేడు అన్నది నర్సు ప్రశ్న.

చరిత్ర

ఓరెం 1914 జూలై 15న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించింది. వాషింగ్టన్ లోని ప్రావిడెన్స్ ఆసుపత్రి నర్సింగు పాఠశాలలో డిప్లొమా పొంది, కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో నర్సింగు విద్యలో 1939లో బి.ఎస్. పట్టాను, తరువాత ఎం.ఎస్. పట్టాను పొందింది. 1949 నుండి 1957 వరకు ఇండియానా రాష్ట్ర ఆరోగ్య శాఖలో పని చేస్తూ అక్కడి సాధారణ ఆసుపత్రులలో నర్సింగు ప్రమాణాలను మెరుగుపరచే బాధ్యత నిర్వహించింది. నర్సింగు అంటే ఏమిటో నిర్వచించే ప్రయత్నం ఆమె అప్పుడే మొదలుపెట్టింది. ఆ తరువాత వాషింగ్టన్ లో ప్రాక్టికల్ నర్సుల పాఠ్య ప్రణాళికపై పనిచేస్తూ, ఏ పరిస్థితిలో ఉన్న మనిషికి నర్సు అవసరమని నిర్ణయిస్తారు అన్న ప్రశ్న వేసుకుంది. తనను తాను చూసుకొనే శక్తి చాలని స్థితిలో అన్నది ఆమెకు దొరికిన సమాధానం. పిల్లల విషయంలో తల్లిదండ్రులకు గాని, సంరక్షకులకు గాని ఆ శక్తి చాలకపోవడాన్ని కూడా ఇందులోనే చేర్చింది.

ఈ ఆలోచన పూర్తిగా ఒంటరిది కాదు. రోగికి బలం, సంకల్పం, తెలివిడి ఉంటే తానే చేసుకొనే పనులలో అతనికి తోడ్పడటమే నర్సింగు అని వర్జీనియా హెండర్సన్ 1950లలోనే నిర్వచించింది. ఓరెం దానికి ఒక శాస్త్రీయ చట్రాన్ని సమకూర్చిందని చెప్పవచ్చును. ఆమె ముఖ్య గ్రంథం 'నర్సింగ్: కాన్సెప్ట్స్ ఆఫ్ ప్రాక్టీస్' 1971లో వెలువడింది; ఆరవ కూర్పు 2001లో వచ్చింది. 1991లో అంతర్జాతీయ ఓరెం సంఘం ఏర్పడింది. ఓరెం 2007 జూన్ 22న జార్జియా రాష్ట్రంలో మరణించింది.

సిద్ధాంత స్వరూపం

ఇందులో పరస్పరం ముడిపడిన మూడు భాగాలున్నాయి. మనుషులు తమను తాము ఎందుకు, ఎలా చూసుకుంటారో మొదటిది వివరిస్తుంది. నర్సు అవసరం ఎప్పుడు కలుగుతుందో రెండవది, అంటే స్వీయ సంరక్షణ లోటు సిద్ధాంతం, చెబుతుంది. నర్సు, రోగి పనిని ఎలా పంచుకోవాలో మూడవదైన నర్సింగు వ్యవస్థల సిద్ధాంతం చెబుతుంది.

ఓరెం పరిభాష కొంత జటిలంగా ఉంటుంది. విద్యార్థులు పరీక్షలకు కంఠస్థం చేసి మరచిపోవడానికి ఇదే కారణం. భావాలు మాత్రం సులభమైనవే. గాలి, నీరు, ఆహారం, మలమూత్ర విసర్జన, శ్రమకు విశ్రాంతికి మధ్య సమతూకం, ఏకాంతానికి నలుగురితో మెలగడానికి మధ్య సమతూకం, అపాయాల నుండి రక్షణ, తోటివారిలో ఒకరిగా మామూలు జీవనం - ఈ ఎనిమిది ఎవరికైనా ఉండే సార్వత్రిక అవసరాలు. శైశవం, గర్భధారణ, వార్ధక్యం వంటి దశలలోను, ఆప్తుల మరణం వంటి సందర్భాలలోను కలిగేవి వికాస సంబంధ అవసరాలు. జబ్బుతో పాటు వచ్చేవి మూడవ రకం: వైద్యం చేయించుకొనడం, మందు సరిగా వాడటం, మందు వలన కలిగే ఇబ్బందులను గుర్తించడం, మారిన శరీరంతో బ్రతకడం నేర్చుకొనడం మొదలైనవి. ఈ మూడింటికీ కలిపి ఒక కాలంలో ఒక మనిషికి కావలసిన మొత్తం సంరక్షణను ఒక పళ్ళెంలోను, దానిని చేసుకొనే అతని సామర్థ్యాన్ని మరొక పళ్ళెంలోను వేసి తూచడమే నర్సు చేసే అంచనా.

సామర్థ్యం అంటే దేహబలం మాత్రమే కాదు. వయస్సు, లింగం, ఆరోగ్య స్థితి, కుటుంబం, ఆచార వ్యవహారాలు, జీవన విధానం, పరిసరాలు, అందుబాటులో ఉన్న వనరులు వంటి పది అంశాలు దానిని ప్రభావితం చేస్తాయని ఓరెం పేర్కొన్నది. వనరులు ఈ పట్టికలో ఉన్నాయన్న సంగతి ముఖ్యమైనది. మందు కొనలేని మనిషిని 'మాట వినని రోగి' అని రాసిపెట్టడం ఈ సిద్ధాంతం ప్రకారం తప్పుడు అంచనా.

నర్సింగు వ్యవస్థలు

స్పృహ లేని రోగికి అన్నీ నర్సే చేయవలసి ఉంటుంది. దీనిని సంపూర్ణ పూరక వ్యవస్థ అంటారు. రోగి కొంత, నర్సు కొంత చేసేది పాక్షిక పూరక వ్యవస్థ. రోగి అన్నీ చేసుకొనగలిగినా నేర్పు, ధైర్యం, మార్గదర్శనం అవసరమైనప్పుడు ఉండేది సహాయక - బోధక వ్యవస్థ. ఒకే రోగి ఒకే వారంలో ఈ మూడింటి గుండా ప్రయాణించవచ్చు. నర్సు తోడ్పడే పద్ధతులను ఓరెం ఐదుగా చెప్పింది: రోగి బదులు చేసి పెట్టడం, దారి చూపడం, అండగా నిలవడం, ఎదుగుదలకు అనువైన పరిసరాలు కల్పించడం, నేర్పించడం.

చేసుకొనగలిగిన పనిని కూడా చేసి పెట్టడం దయ అనిపించినా అది రోగికి మేలు కాదు. పక్షవాతం వచ్చిన వ్యక్తికి అన్నం తినిపిస్తే అయిదు నిమిషాలలో పని పూర్తవుతుంది. అతనే మంచి చేతితో తినాలంటే అరగంట పడుతుంది. రద్దీగా ఉండే వార్డులో అయిదు నిమిషాల పద్ధతే గెలుస్తుంది. ఇంటికి వెళ్ళిన తరువాత దాని ఫలితం రోగి అనుభవిస్తాడు.

రోగి సంరక్షణలో ఉపయోగం

దీర్ఘకాలిక వ్యాధులలో, అందునా మధుమేహంలో, ఈ సిద్ధాంతం ఎక్కువగా వాడబడింది. రోగి వైద్యుని ముందు గడిపేది ఏడాదిలో కొన్ని గంటలు మాత్రమే, మిగిలిన కాలమంతా తన వైద్యం తానే చేసుకొనాలి. బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో నర్సులు నడిపిన మధుమేహ క్లినిక్ లో 1970లలోనే దీనిని ఆచరణలో పెట్టారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మధుమేహం ఉన్న 55 ఏళ్ళ కౌలు రైతుకు కాలి పుండు ముదిరి ఒక వేలు తీసివేశారనుకుందాం. మత్తు దిగే వరకు శ్వాస, రక్తపోటు, మూత్రం అన్నీ నర్సు చూస్తుంది. రెండు మూడు రోజులకు అతను తానే ముఖం కడుక్కొని భోజనం చేస్తాడు. కట్టు మార్చడం, ఇన్సులిన్ ఇవ్వడం నర్సు చేస్తుంది. ఇంటికి పంపే ముందు నర్సు తేల్చుకొనవలసిన ప్రశ్నలు చాలా ఉంటాయి. సిరంజి మీది గీతలు అతని కంటికి ఆనుతున్నాయా? మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలు, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీసుకుంటే రెండున్నర రెట్లు మోతాదు ఎక్కించుకున్నట్లవుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నదా? లేనట్లయితే వాడుతున్న సీసాను ఎండ తగలకుండా, నీటి కుండ వంటి చల్లని ఏర్పాటులో తడవకుండా ఉంచడం చూపించాలి.

అరికాలికి స్పర్శ తగ్గిన మనిషికి ముల్లు దిగినా తెలియదు. కనుక రోజూ పాదాలను కంటితో చూసుకొనాలి, వంగలేకపోతే అద్దంలో చూసుకొనాలి లేదా ఇంట్లో వారికి చూపించుకొనాలి. వేళ్ళ సందులలో తడి తుడవాలి, చెప్పులు లేకుండా పొలంలోకి దిగకూడదు, వేడినీటిలో కాలు పెట్టే ముందు ఇంకొకరి చేత చూపించాలి. చెమట, వణుకు, ఆకలి, కళ్ళు తిరగడం కనిపిస్తే చక్కెర పడిపోయిందని అనుమానించాలి. పరీక్షలో 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీటిలో కలిపి త్రాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకొనాలి. ఇవన్నీ చెప్పి 'అర్థమైందా' అంటే ఎవరైనా తల ఊపుతారు. రోగి చేత సిరంజిలోకి మందు తీయించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

కుటుంబ సభ్యుల పాత్ర

ఇతరుల కోసం చేసే సంరక్షణను ఓరెం ఆశ్రిత సంరక్షణ అన్నది. మన ఆసుపత్రులలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. మంచం పక్కన కూర్చున్న అటెండెంటు స్నానం చేయిస్తుంది, బెడ్ పాన్ అందిస్తుంది, సెలైన్ సీసా అయిపోతే సిస్టర్ ను పిలుస్తుంది. ఆ వ్యక్తికి ఎవరూ ఏమీ నేర్పకపోవడం సర్వసాధారణం. డిశ్చార్జి రోజున జాగ్రత్తలన్నీ పట్నం నుండి వచ్చిన చదువుకున్న కొడుకుకు చెబుతారు. అతను మరునాడు బండెక్కి వెళ్ళిపోతాడు. వంట చేసేది, మందు అందించేది, పుండు కడిగేది భార్య. అంచనా వేయవలసినదీ, నేర్పవలసినదీ ఆమెకే.

విమర్శలు, తరువాతి పరిణామాలు

భారతదేశంలో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. నర్సింగు విద్యార్థులు ఈ సిద్ధాంతాన్ని చదువుతారు. పరిశోధనా వ్యాసాలకు చట్రంగా కూడా తరచు వాడతారు. అయితే వార్డులో ఒక నర్సుకు పదుల సంఖ్యలో రోగులున్నప్పుడు ఒక్కొక్కరికీ ఇటువంటి అంచనా వేయడం కష్టమన్నది ఆచరణలోని విమర్శ. స్వయంసమృద్ధిని గొప్ప విలువగా చూసే సమాజంలో పుట్టిన భావన కావడం వలన, ముసలితనంలో పిల్లల మీద ఆధారపడటాన్ని సహజంగా భావించే చోట 'లోటు' అన్న మాట పూర్తిగా నప్పదని మరికొందరు అంటారు. స్వీయ సంరక్షణ పేరుతో ఆసుపత్రి తన భారాన్ని రోగి ఇంటి మీదకు నెట్టివేసే అవకాశం ఉన్నదన్న అభ్యంతరం మరింత తీవ్రమైనది. నేర్పకుండా పంపించడం ఓరెం చెప్పిన వ్యవస్థలలో దేని క్రిందకూ రాదు.

సామర్థ్యాన్ని కొలవడానికి కెర్నీ, ఫ్లైషర్ 1979లో ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. 2012లో బార్బరా రీగెల్, టీనీ యార్స్మా, అన్నా స్ట్రోంబెర్గ్ దీర్ఘకాలిక వ్యాధులకు పరిమితమైన మరొక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. అందులో స్వీయ సంరక్షణకు మూడు మెట్లు ఉన్నాయి: ఆరోగ్యాన్ని నిలుపుకొనడం, మార్పులను కనిపెట్టడం, మార్పు వచ్చినప్పుడు తగిన చర్య తీసుకొనడం. గుండె బలహీనత ఉన్న రోగి ఉప్పు తగ్గించి మందులు వేసుకొనడం మొదటిది, రోజూ ఉదయం బరువు చూసుకొనడం రెండవది, మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చే వరకు ఆగకుండా ఆసుపత్రికి కబురు చేయడం మూడవది.