మేకు ఎక్కడ కొట్టాలి?

వంద యూనిట్ల వెడల్పు, వంద యూనిట్ల ఎత్తు ఉన్న బొమ్మ. సరిగ్గా నడుమ నలభై యూనిట్ల చతురస్రపు గడి. దాన్ని 45 డిగ్రీలు తిప్పితే పోచంపల్లి చీరల్లో కనిపించే డైమండ్ అవుతుంది. వెబ్‌లో గీతల బొమ్మలకు వాడే ఎస్‌వీజీలో ఈ బొమ్మ గీసి, వెబ్ పేజీల రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌తో తిప్పాలని చూస్తే, పదేళ్ల కిందట ఒక్కో బ్రౌజరు ఒక్కో వింత చూపించేది. ఒకదానిలో గడి ఉన్నచోటే తిరిగేది. ఇంకోదానిలో పై ఎడమ మూలను ఇరుసుగా పట్టుకుని ఊగి, సరిగ్గా సగం ఎడమ అంచు అవతలికి పోయేది. మరోదానిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. పేచీ అంతా ఒక్కటే: తిప్పడానికి మేకు ఎక్కడ కొట్టాలి?

నల్లగొండ చేనేత ఇళ్లలో మేకుతోనే పని మొదలు. రంగు అంటకూడని చోట చిటికి కట్టే ముందు పేక నూలును ఆసు పోస్తారు. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస, మధ్య విసనకర్రలా విచ్చుకున్న నూలు. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసింది ఇందుకే. పుట్టపాక తేలియా రుమాలులోనైతే పడుగునూ పేకనూ రెండింటినీ కట్టి అద్దాలి. రెండూ మగ్గం మీద ఒకేచోట కలవాలి.

ఆసు యంత్రం తిరగడం మొదలైన రోజుల్లోనే తెరమీది గీతలకూ ఒక భాష తయారవుతోంది. 1998లో అడోబీ పక్షం ఒక ప్రతిపాదన, మైక్రోసాఫ్ట్ పక్షం ఇంకొకటి పట్టుకొచ్చాయి. చివరికి 2001 సెప్టెంబరు 4న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎస్‌వీజీ 1.0ను ప్రమాణంగా ప్రకటించింది. అందులో ట్రాన్స్‌ఫామ్ ఒక ఆట్రిబ్యూట్. ‘రొటేట్ 45, 50, 50’ అంటే కోణంతోపాటే మేకు ఎక్కడో కూడా చెప్పినట్టు. చెప్పకపోతే సున్నా, సున్నా, అంటే పై ఎడమ మూల. ఇది తెలివితక్కువ పని కాదు. బొమ్మలోని ముక్కలన్నీ ఒకే గ్రాఫు కాగితం మీద ఉన్నప్పుడు కొలతలన్నీ ఒకే మూల నుంచి మొదలవడం సబబే.

తర్వాత కొన్నేళ్లు అడోబీ ప్లగిన్ నెట్టుకొచ్చింది. 2005లో ఫైర్‌ఫాక్స్ 1.5 సొంతంగా ఎస్‌వీజీ గీసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం 2011లో, తొమ్మిదో వెర్షన్‌లో గానీ కళ్లు తెరవలేదు.

ఈలోగా 2007లో ఆపిల్ వాళ్లు వెబ్‌కిట్‌లో సీఎస్ఎస్ ట్రాన్స్‌ఫామ్ తెచ్చారు. అది పేజీలోని పెట్టెల కోసం పుట్టింది. పెట్టెను తిప్పేవాడు నడుమ పట్టుకుని తిప్పుతాడు కాబట్టి మేకు యాభై శాతం, యాభై శాతం దగ్గర. ఒక్కో బ్రౌజరు ఆ మాట ముందు తన ఇంటిపేరు తగిలించుకుంది; ఒకే ముక్కను నాలుగైదు సార్లు రాయాల్సి వచ్చేది. క్రోమ్ ఆ ఇంటిపేరు వదులుకున్నది 2014లో.

రెండు ఆచారాలనూ ఒకే ప్రమాణంలో కలిపే పని 2012లో జరిగింది. పాత బొమ్మలు చెడకూడదని ఎస్‌వీజీ ముక్కలకు సున్నా మూలనే ఉంచారు. అసలు తిప్పలు అక్కడే. హెచ్‌టీఎంఎల్ అలవాటుతో వచ్చినవాడు యాభై శాతం అంటే, దేనిలో యాభై? ఆ గడిలోనా, మొత్తం బొమ్మలోనా? గడి నడుమ ఉంటే రెండూ ఒకటే. అంచుకు జరిపితే బండారం బయటపడుతుంది. క్రోమ్, సఫారీ గడినే కొలిచేవి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ శాతం చెల్లేది కాదు. ఎక్స్‌ప్లోరర్ పదకొండో వెర్షన్ దాకా బొమ్మ లోపలి ముక్కల మీద సీఎస్ఎస్ ట్రాన్స్‌ఫామ్‌నే పట్టించుకోలేదు.

గద్వాల చీర కోటకొమ్మ అంచు గీసినవాడి పాట్లు ఇంకా తమాషా. ఒక పక్క కొమ్మలు గీసి, రెండో అంచుకు అద్దంలో బింబంలా తిప్పుదామని అడ్డంగా ‘స్కేల్ మైనస్ 1’ అంటాడు. మేకు సున్నా మూలన ఉంది కనుక అంచు మొత్తం తెరకు ఎడమవైపు మాయం! దోషం రంగులో ఉందేమోనని గంటలకొద్దీ వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ని.

గ్రీన్‌సాక్ లాంటి యానిమేషన్ లైబ్రరీలు ఈ గొడవలో తలదూర్చకుండా, లెక్కంతా తామే కట్టి మాట్రిక్సుగా ఆట్రిబ్యూట్‌లో రాసేసేవి. ప్రమాణం వైపు నుంచి వచ్చిన మందు ట్రాన్స్‌ఫామ్-బాక్స్. శాతం దేనిలోనో దీనితో తేల్చి చెప్పవచ్చు: ఫిల్-బాక్స్ అంటే గడి, వ్యూ-బాక్స్ అంటే మొత్తం బొమ్మ. ఫైర్‌ఫాక్స్ 55, సఫారీ 11 రెండూ 2017లో, క్రోమ్ 64 మరుసటి జనవరిలో దీన్ని అందుకున్నాయి. రొటేట్, స్కేల్ విడివిడి లక్షణాలుగా అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చేసరికి 2022 ఆగస్టు అయింది. అంతకు రెండు నెలల ముందే, జూన్ 15న, ఎక్స్‌ప్లోరర్ సెలవు తీసుకుంది.

ఇప్పుడు ఫిల్-బాక్స్ అని, సెంటర్ అని, 45 డిగ్రీలు అని రాస్తే గడి ఎక్కడ ఉన్నా అక్కడే డైమండ్ అవుతుంది. 2001 నాటి ‘రొటేట్ 45, 50, 50’ కూడా చెక్కుచెదరకుండా పనిచేస్తోంది. ఇన్నేళ్ల తగవులో దాని జోలికి ఎవరూ పోలేదు. మేకు ఎక్కడో అది ముందే చెప్పింది.