దేవాలయములో సన్నాయి మేళము – నాటి మర్యాద, నేటి ప్రయత్నము

మన ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠల సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో గర్భాలయమును గూర్చి, ధ్వజస్తంభమును గూర్చి, విరాళములిచ్చిన పుణ్యమూర్తులను గూర్చి పెద్దలు వ్రాసినారు. నేను కంటికి కనబడని ఒక భాగమును గూర్చి వ్రాయదలచినాను. అది సన్నాయి మేళము. గోడ బీటలు వారినచో అందరికీ తెలియును. మేళము ఆగిపోయిన సంగతి చాలమందికి చాల కాలము తెలియదు.

భరతముని నాట్యశాస్త్రములో వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు విధములుగా విభజించినాడు. తంత్రులు గలది తతము, చర్మము కప్పినది అవనద్ధము, లోహముతో చేసిన తాళాదులు ఘనము, రంధ్రములలో గాలి ఊది పలికించునది సుషిరము. సన్నాయి ఈ నాలుగవ కోవకు చెందినది. షోడశోపచారములకు తోడు గీత వాద్య నృత్యములను కూడ స్వామికి సమర్పించుట మన సంప్రదాయము. బ్రహ్మోత్సవములో ధ్వజారోహణ సమయమున జరుగు భేరీతాడనములో ఒక్కొక్క దిక్పాలకునికి ఒక్కొక్క రాగము, ఒక్కొక్క తాళము నియమింపబడినవి. అనగా ఆ వాద్యము మోగనిచో ఆ దేవతను పిలువనట్లే. పందిరికి కట్టిన మామిడాకుల వలె మేళమును అలంకారమనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను.

మన తెలంగాణ నేలకు ఈ విద్య కొత్తది కాదు. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 1253–54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించినాడు. 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయములో నర్తకీమణులతో పాటు వాద్యకారులు కూడ శిలలో నిలిచియున్నారు. ఆ ఆలయమునకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించినది.

పల్లెలలో ఈ వాద్యమును తరతరములుగా నిలిపినవారు నాయీబ్రాహ్మణ కుటుంబములవారు. మా నాగిరెడ్డిపేట ప్రాంతములో పోచారము చెరువు 1922లో పూర్తియైనది. ఆ నీటితో వరి పండి కళ్లమునకు చేరినపుడు, తక్కిన వృత్తులవారితో పాటు మేళగాండ్రకు కూడ మేర కొలిచెడివారని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. ఊరు వారికి గింజలిచ్చినది, వారు ఊరికి నాదమిచ్చినారు. నా బాల్యమున తెల్లవారుజామున భూపాల రాగము వినబడినదనగా మా తండ్రిగారు అప్పటికే మడి కట్టుకొని బయలుదేరినారని అర్థము. మా ఇంట గడియారము తరువాత వచ్చినది.

ఆ ఏర్పాటు ఒక్కనాట చెదరలేదు. మేర కొలుచుట తగ్గినది. మాన్యములు చేతులు మారినవి. మేళగాండ్ర కుమారులు కొందరు హైదరాబాదులో క్షౌరశాలలు పెట్టుకొన్నారు, కొందరు మన ప్రాంతపు తక్కిన యువకుల వలెనే దుబాయికి, మస్కటుకు పోయినారు. వారిని తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. పెండ్లిలో బ్యాండు మేళమునకు వేలు పోసి, సన్నాయికి తాంబూలములో వందరూపాయలు పెట్టినవారము మనమే.

ఇక్కడ నా దోషమును కూడ చెప్పుకొనవలెను. చాల ఏండ్ల క్రిందట నేను అర్చకత్వము చేయుచున్న ఒక ఆలయములో, కరెంటుతో నడచు గంట, నగారా యంత్రమును కొనవలెనని కమిటీవారు అనుకొన్నపుడు సరే అన్నవారిలో నేనొకడను. మీట నొక్కినచో చాలును, ఎవరి కొరకు ఎదురుచూడనక్కరలేదని సంతోషించినాను. ఒక కార్తిక సోమవారము నాడు మహామంగళహారతి మధ్యలో కరెంటు పోయినది. యంత్రము ఆగినది. హారతి పళ్లెము నా చేతిలో ఉన్నది. ఆలయము నిండ జనులున్నారు. ఆ నిశ్శబ్దములో వెనుక స్తంభమును ఆనుకొని కూర్చున్న వృద్ధ సన్నాయి విద్వాంసుడు కనబడినాడు. ఆనాడు ఆయన కేవలము దర్శనమునకు వచ్చినాడు. చేతిలో వాద్యము లేదు. నేను తల దించుకొన్నాను.

కొన్నాళ్లకు ఆయన వద్దకే శనివారపు భజన మండలి వారు పోయినారు. రామదాసు కీర్తనలు పాడుకొను ఆ మండలిలో ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఒక దర్జీ, ఇద్దరు రైతులు, గల్ఫు నుండి తిరిగివచ్చిన ఒక యువకుడు ఉన్నారు. సన్నాయి నేర్పవలెనని అడిగినారు. వీరిలో ఎవరికీ ఇది వృత్తి కాదు, కాబోదు. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. "మీరంత ఉత్తగనే ఊదితే, నాకు పెండ్లిళ్లకు ఎవరు చెప్తరు అయ్యగారూ?" అని నన్నే అడిగినాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. భక్తితో చేయుచున్నామనుకొని మనము మరొకరి అన్నపు గిన్నె తీసికొనరాదు. ఊరిలో కొందరు పెద్దలు వేరొక అభ్యంతరము చెప్పినారు. ఆ వాద్యము ఆ కులమువారిది కదా, తక్కినవారు ఊదవచ్చునా అని.

ఈ రెండవ మాటకు చరిత్రయే సమాధానము చెప్పును. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు నాదస్వర విద్వాంసుల కుటుంబమువారు. చిలకలూరిపేటలో నేర్చుకొని, పిదప తంజావూరు బాణీని కూడ అభ్యసించి, శ్రీరంగములో స్థిరపడి రంగనాథస్వామికి నాదసేవ చేసినారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వారిని వరించినవి. 1999లో పరమపదించినారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ గారు కాశీలో బాలాజీ మందిరమున సాధన చేసిన సంగతి జగద్విదితము. కులమును, మతమును, ఆడ మగ భేదమును శ్రుతి అడుగలేదు.

మొదటి మాటకు సమాధానము మనమే చెప్పవలసి వచ్చినది. ఉత్సవములలో ముందు వరుస వృద్ధ విద్వాంసునిది, సంభావన పూర్తిగా ఆయనది. మండలివారు వెనుక కూర్చుండి శ్రుతి పట్టుదురు. ఊరిలో పెండ్లి మేళమునకు ఎవరు పిలిచినను వారు పోరాదు. ఈ ఏర్పాటు చేసిన పిదప ఆయన పాఠము మొదలుపెట్టినాడు.

ఊదుట సులభమనుకొన్నవారికి మొదటి నెలలోనే తెలిసినది. రెండు రెక్కల పీకను తడిపి, పెదవులతో అదిమి, గాలి ఎంత పోవలెనో అంతే పోనీయవలెను. ఒత్తిడి కొంచెము తగ్గినచో స్వరము జారును. శ్రుతి పట్టువానికి మరొక కష్టమున్నది. బుగ్గలలో నింపిన గాలిని వదలుచునే ముక్కుతో శ్వాస పీల్చవలెను, నాదము తెగరాదు. మేము ప్రాణాయామమునకు గుక్క నిలుపుట నేర్చినాము. ఇది అంతకంటె కష్టమని నాకు తోచినది. ఉపాధ్యాయునికి మూడు వారముల వరకు గాలి చప్పుడే తప్ప స్వరము రాలేదు. దర్జీకి మాత్రము వేళ్లు త్వరగా తిరిగినవి. సూదిదారముల చలవ కాబోలు. పురందరదాసులవారు ఏర్పరచిన మాయామాళవగౌళ సరళీ వరుసలతోనే మొదలు. ఇప్పటికి నాలుగు కీర్తనలు వచ్చినవి. రాగాలాపన జోలికి వారు పోరు, పోవలదని గురువు ఆజ్ఞ.

ప్రతిష్ఠా దినమున క్రమము ఇట్లుండును. తెల్లవారుజామున విద్వాంసుడు భూపాలము వాయించును. విగ్రహము పీఠమునందు నిలుచు ముహూర్తమున అందరును కలిసి గట్టిమేళము ఇత్తురు. ఆ క్షణమున తుమ్ము గాని అపశబ్దము గాని వినబడరాదని ఆ నియమము. సాయంకాలపు ఊరేగింపునకు గంభీరనాటలో మల్లారి వాయింపవలెనని గురువు కోరిక. సాహిత్యము లేని ఆ నడక శిష్యులకు ఇంకను పట్టుబడలేదు కనుక అది ఆయన ఒక్కడే వాయించును. రాత్రి ఏకాంతసేవకు నీలాంబరి.

ఏమి ఇవ్వవలెనని కొందరు దాతలు నన్ను అడుగుచున్నారు. యంత్రము మనకున్నది, చాలును. విద్వాంసుని సంభావన నెలనెలా అందునట్లు కొంత సొమ్ము నిలువ ఉంచవలెను. ఇక పీకలు. మంచివి కావేరీ తీరపు గడ్డితో చేయుదురు, అక్కడి నుండియే తెప్పింపవలెను. ఎంత జాగ్రత్తగా వాడినను అవి చీలిపోవును. నిరుడు మిగిలిన రెండింటిలో ఒకటి శివరాత్రి ముందు చీలినపుడు, తక్కిన ఒక్కదానితోనే జాగరణ గడిచినది.